బొగ్గు బస్సుల కాలం: ప్రొడ్యూసర్ గ్యాస్ మోటార్ల చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం సాగిన చివరి మూడేళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలలో తిరిగిన ప్రయాణికుల బస్సులకు వెనుక వైపున నిలువెత్తు ఇనుప పీపా ఒకటి బిగించి ఉండేది. దానిలో రగిలే బొగ్గు నుంచి వచ్చే వాయువు గొట్టాల గుండా ఇంజన్‌కు చేరి, పెట్రోలు చేయవలసిన పనిని చేసేది. జనం వాటిని బొగ్గు బస్సులన్నారు, గ్యాస్ బస్సులనీ అన్నారు. అందులో వాడినది గనుల నుంచి తవ్వి తీసే రాక్షసి బొగ్గు కాదు. అడవి కట్టెను మట్టి కప్పిన ఆవాలలో సగం కాలీ కాలకుండా మగ్గించి తయారు చేసే కర్రబొగ్గు, అంటే ఇళ్లలో కుంపట్లకు వాడే బొగ్గే. యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లకే ఈ బస్సులు కనుమరుగు కావడంతో, అవి ఇక్కడి పేదరికం కనిపెట్టిన ఒక విచిత్రం అన్న అభిప్రాయం మిగిలిపోయింది. నిజానికి అదే కాలంలో జర్మనీ, స్వీడన్, ఫ్రాన్స్, ఫిన్లాండ్, జపాన్, బ్రెజిల్, ఆస్ట్రేలియా దేశాలలో ఇటువంటి పీపాలు మోసుకుంటూ లక్షల సంఖ్యలో వాహనాలు తిరిగాయి.

పెట్రోలు దొరకక చేసుకున్న గతిలేని ఏర్పాటుగానే దీనిని చెప్పుకోవడం వాడుక. అయితే అంతర్దహన యంత్రం, అంటే ఇంధనం బయటి పొయ్యిలో కాక సిలిండరు లోపలే మండి పిస్టన్‌ను తోసే యంత్రం, ఎలా పుట్టిందో చూస్తే దానికి తొలి ఆహారం వాయువేననీ, పెట్రోలు ఆ తరవాత వచ్చి చేరిన ఇంధనమనీ తేలుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రాంస్వా ఇసాక్ ద రివాజ్ 1807లో హైడ్రోజన్ పేలుడుతో కదిలే బండికి పేటెంటు పొందాడు. 1860లో పారిస్‌లో ఎటియెన్ లెన్వార్ తయారు చేసి అమ్మిన ఇంజన్ నగరంలో దీపాలకు సరఫరా అయ్యే కోల్ గ్యాస్‌తో నడిచింది. రాక్షసి బొగ్గును గాలి తగలని బట్టీలలో బాగా కాచినప్పుడు వెలువడే ఈ వాయువును లండన్ నగరంలో ఒక కంపెనీ 1812 నుంచే గొట్టాల ద్వారా అమ్ముతున్నందున, యూరప్ పెద్ద పట్టణాలలో అది అప్పటికే కొళాయి నీళ్లంత మామూలు వస్తువయ్యింది. నేటి కార్లన్నిటికీ మూలమైన నాలుగు అంచెల ఇంజన్‌ను నికోలస్ ఒట్టో 1876లో రూపొందించినప్పుడు కూడా దానికి పెట్టిన ఇంధనం ఈ గ్యాసే.

గ్యాస్ ఇంజన్‌కు ఉన్న లోపం శక్తి చాలకపోవడం కాదు, కదలలేకపోవడం. గొట్టం ఎక్కడిదాకా ఉంటే ఇంజన్ అక్కడిదాకే. గ్యాస్‌ను మోసుకుపోవాలంటే ఇల్లంత సంచి కావాలి. గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాహ్, కార్ల్ బెంజ్ 1885, 1886 సంవత్సరాలలో ద్రవ ఇంధనాన్ని ఆవిరి చేసి గాలితో కలిపే ఏర్పాటును ఇంజన్‌కు జోడించిన తరవాతనే అది చక్రాల మీద స్థిరపడింది. ఆ ద్రవం అప్పటికి ఎవరికీ పెద్దగా పనికొచ్చేది కాదు. ముడి చమురు నుంచి దీపాలకు కిరోసిన్ తీసే శుద్ధి కర్మాగారాలకు పెట్రోలు ఒక ప్రమాదకరమైన మిగులు సరుకు. 1888లో బెర్తా బెంజ్ తన భర్త తయారు చేసిన మోటారు బండిలో సుదూర ప్రయాణం చేసినప్పుడు దారిలో వీస్లోహ్ పట్టణంలోని మందుల దుకాణంలో ఇంధనం కొనవలసి రావడానికి కారణం ఇదే: ఆ రకపు నూనెను మరకలు తుడవడానికి చిన్న సీసాలలో అమ్మేవారు.

గ్యాస్‌ను మోసుకుపోలేకపోతే గ్యాస్ తయారయ్యే కొలిమినే మోసుకుపోవచ్చునన్నది రెండో మార్గం. దానికి పునాది పెట్రోలు కారు కంటే పాతది. జర్మనీలో గుస్టావ్ బిషోఫ్ 1839లో ఘన ఇంధనాన్ని మండే వాయువుగా మార్చే కొలిమిని నిర్మించాడు. సీమెన్స్ సోదరులు 1861 ప్రాంతంలో దానిని ఉక్కు, గాజు పరిశ్రమల బట్టీలకు అనువుగా పెంచారు. ఇందులో పుట్టే వాయువుకే ప్రొడ్యూసర్ గ్యాస్ అని పేరు. కుంపటిలో బొగ్గులు బాగా రాజుకున్నాక పైన కనబడే నీలి మంట దీని రహస్యాన్ని చెబుతుంది. అడుగున గాలి తగిలే చోట బొగ్గు పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ వాయువు పైనున్న ఎర్రని బొగ్గుల పొర గుండా పోతూ మళ్లీ కార్బన్‌ను కలుపుకుని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అది పైకి వచ్చి గాలి తగిలినప్పుడు నీలిరంగుతో మండుతుంది. మూతపెట్టిన పీపాలో ఇదే క్రియ జరిపి, పైన గాలి తగలనీయకుండా ఆ వాయువును ఇంజన్‌లోకి లాగితే అక్కడ మండుతుంది. కట్టెలోనో బొగ్గులోనో ఉన్న తేమ అదే వేడికి విడిపోయి హైడ్రోజన్‌ను ఇస్తుంది. ఇలా వచ్చే గ్యాస్‌లో అయిదో వంతు కార్బన్ మోనాక్సైడ్, కట్టె నుంచి తీస్తే దాదాపు అంతే హైడ్రోజన్, కొద్దిగా మీథేన్ ఉంటాయి. మిగిలినదానిలో అధిక భాగం గాలితో వచ్చి ఏ పనీ చేయకుండా పోయే నైట్రోజనే. అందువల్ల ఘనపు మీటరు ప్రొడ్యూసర్ గ్యాస్‌లో ఉండే శక్తి సుమారు 5 మెగాజౌళ్లు మాత్రమే, అంటే సహజవాయువులో ఉండేదానిలో ఏడో వంతు.

ఇంజన్ పీల్చే చూషణతోనే కొలిమికి గాలి అందేలా చేసిన సక్షన్ గ్యాస్ యంత్రాలు ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో దక్షిణ భారతదేశపు మిల్లులకు కూడా వచ్చాయి. ఒకచోట స్థిరంగా నిలిచిన ఇంజన్‌కు ఎంత పెద్ద కొలిమి పెట్టినా, శుభ్రం చేసే తొట్లు ఎన్ని కట్టినా అభ్యంతరం లేదు. బండి మీద అదంతా ఇమడాలి, గతుకుల రోడ్ల కుదుపులకు తట్టుకోవాలి, అన్నిటినీ మించి తారు సమస్య తీరాలి.

తారు అంటే కట్టె వేడెక్కినప్పుడు పొగతో పాటు వచ్చే నల్లని జిగట పదార్థం. వేడిగా ఉన్నంతసేపు ఆవిరిగా ఉండి, ఇంజన్ చేరేసరికి చల్లబడి కవాటాలకు పట్టుకుని వాటిని బిగిసిపోయేలా చేస్తుంది. ఆల్సేస్-లొరేన్ ప్రాంతంలో 1884లో పుట్టిన రసాయనవేత్త జార్జ్ ఇంబెర్ దీనికి 1920ల్లో మంచి పరిష్కారం చూపాడు. సాధారణ పొయ్యిలో పొగ పైకి పోతుంది. ఆయన కొలిమిలో గాలి నడుమ నుంచి ప్రవేశించి కిందికే పోవాలి. పైన పోసిన కట్టె ముక్కల నుంచి దిగే తారు ఆవిర్లు, కంఠంలాగా సన్నగా నొక్కిన ఒక సందు గుండా, వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడు దాటి మండే నిప్పుల మధ్య నుంచి పోక తప్పదు. ఆ వేడికి తారు విచ్ఛిన్నమై అదీ మండే వాయువుగానే మారుతుంది. ఎటువంటి కదిలే భాగమూ లేని, రేకు, పోత ఇనుముతో చేసిన ఈ పాత్ర ఆలోచనలో ఎంత సూక్ష్మమైనదో చూడడానికి అంత మోటుగా ఉంటుంది. మోటారు చరిత్రకారులు ఇంబెర్‌కు తగినంత చోటు ఇవ్వకపోవడానికి ఆ మోటు రూపమే కారణమేమో.

1930లలో జర్మనీలోని కొలోన్ నగరంలో ఇంబెర్ కొలిముల ఉత్పత్తి మొదలైంది. సొంత చమురు లేని దేశాలకు యుద్ధభయం పెరిగే కొద్దీ వాటి మీద ఆసక్తీ పెరిగింది. జర్మనీ రాక్షసి బొగ్గు నుంచి కృత్రిమ పెట్రోలు తీసే కర్మాగారాలను నిర్మించుకున్న మాట నిజమే గాని, ఆ పెట్రోలు విమానాలకూ సైన్యానికీ పోయింది. పౌరుల లారీలకూ, ట్రాక్టర్లకూ, చివరికి టాంకులు నడపడం నేర్పే శిక్షణ బళ్లకూ దక్కినది కట్టె ముక్కలే. యుద్ధాంతానికి ఆ దేశంలో ఇటువంటి వాహనాలు సుమారు 5,00,000 ఉన్నాయని అంచనా. మెర్సిడెస్-బెంజ్ కంపెనీ తన 170 రకం కారునే గ్యాస్ కొలిమితో కూడా అమ్మింది. పెట్రోలు మీద 38 అశ్వశక్తి ఇచ్చే ఆ ఇంజన్ గ్యాస్ మీద 22కు పడిపోయింది. ఏ ఇంజన్‌నైనా ఇలా మార్చినప్పుడు శక్తిలో మూడో వంతు నుంచి సగం దాకా కోల్పోవడం మామూలు లెక్కే.

తటస్థ దేశమైన స్వీడన్ కథ ఇంకా చెప్పుకోదగినది. యుద్ధం మొదలై సముద్ర మార్గాలు మూసుకుపోగానే అక్కడి ప్రభుత్వం వాహనాలను కొలిములకు మార్పించింది. రెండు మూడేళ్లలో 70,000కు పైగా వాహనాలు, అంటే రోడ్డు మీద తిరుగుతున్నవాటిలో పదింట తొమ్మిది, కట్టెతోనో బొగ్గుతోనో నడిచాయి. లారీలకూ బస్సులకూ కట్టె, చిన్న కార్లకు బొగ్గు అన్న విభజన అనుభవం మీద ఏర్పడింది. ఆ అనుభవాన్నంతా స్వీడన్ ఇంజనీరింగ్ శాస్త్రాల అకాడమీ 1950లో గ్రంథంగా ప్రకటించగా, చమురు సంక్షోభం ముదిరిన 1979లో అమెరికాలోని సౌరశక్తి పరిశోధన సంస్థ దానిని ఇంగ్లిషులోకి అనువదింపజేసింది. డెన్మార్క్‌లో పొలం యంత్రాలు, లారీలు, చేపల పడవలలో 95 శాతం కట్టె గ్యాస్ మీద నడిచాయని అమెరికా అత్యవసర పరిస్థితుల నిర్వహణ సంస్థ 1989 నాటి నివేదిక పేర్కొన్నది. ఆ నివేదిక రాసినది చరిత్ర కోసం కాదు. పెట్రోలు నిలిచిపోతే రైతు తన ట్రాక్టరుకు చేతికందే డబ్బాలతో కొలిమి ఎలా కట్టుకోవాలో నేర్పడానికి. బ్రెజిల్‌లో యుద్ధకాలంలో గ్యాస్ కొలిములు తగిలించుకున్న కార్లకు పందేలే జరిగాయి. వాటిలో పేరు తెచ్చుకున్న షికో లాండి 1948లో ఇటలీలోని బారీ గ్రాండ్ ప్రీలో ఫెరారీ కారుతో విజేతగా నిలిచాడు.

భారతదేశానికి ఈ అవసరం రెండు విడతలుగా వచ్చింది. 1941లోనే పెట్రోలుకు రేషన్ పెట్టారు. అసలు దెబ్బ 1942లో తగిలింది. ఈ దేశపు దీపాలకు కిరోసిన్, మోటార్లకు పెట్రోలు ఎక్కువగా సమకూర్చినది బర్మా. అక్కడి యెనాంజాంగ్ బావుల చమురు ఇరావతి నది వెంట రంగూన్ ఎదుటనున్న సిరియం శుద్ధి కర్మాగారానికి వచ్చేది. జపాన్ సైన్యం చొచ్చుకు వస్తుండగా శత్రువు చేతికి చిక్కరాదని బ్రిటిష్ వారు మార్చిలో సిరియం కర్మాగారాన్నీ, ఏప్రిల్‌లో చమురు బావులనూ తామే ధ్వంసం చేశారు. రంగూన్ రేవులోనూ బియ్యపు మిల్లులలోనూ పని చేస్తున్న తెలుగు కూలీలు వేల సంఖ్యలో కాలినడకన స్వదేశం దారి పట్టినదీ ఆ నెలలలోనే. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. దేశంలో మిగిలినవి అస్సాంలోని డిగ్బోయి, పంజాబులోని అటక్ ప్రాంతపు చిన్న వనరులు. ఇరాన్ నుంచి ఓడలలో వచ్చే నూనెలో తొలి వాటా సైన్యానిదే. బస్సు యజమానికి బొగ్గు గ్యాస్ కొలిమి బిగించుకోవడమో బండిని షెడ్డులో నిలపడమో తప్ప మరో దారి లేకపోయింది.

ఇక్కడి ఏర్పాటు యూరప్‌దానికి కొంత భిన్నం. ఆవంలో మగ్గినప్పుడే కట్టెలోని తారు చాలావరకు పోయి ఉంటుంది కనుక కర్రబొగ్గుకు ఇంబెర్ కంఠం వంటి సూక్ష్మమైన నిర్మాణం అక్కరలేదు. ఊళ్లోని వెల్డింగు పనివాడు చేయగలిగే పీపా, వాయువును చల్లబరిచే పొడవాటి గొట్టాలు, బూడిదను పట్టే పీచు, గుడ్డ వడపోతలు చాలు. ఈ తేలికకు మూల్యం అడవి చెల్లించింది. పాతకాలపు ఆవాలలో నాలుగైదు కిలోల కట్టె మగ్గిస్తే ఒక కిలో బొగ్గు చేతికి వస్తుంది. కట్టెలోని శక్తిలో సగానికి పైగా ఆవం పొగలోనే పోతుంది. ఒక లీటరు పెట్రోలు చేసే పనికి నేరుగా కట్టె వాడితే రెండున్నర, మూడు కిలోలు చాలుతుండగా, బొగ్గు వాడితే దాని వెనుక ఆరేడు కిలోల కట్టె ఖర్చయి ఉంటుంది. పెట్రోలు పొదుపు లెక్కలలో ఈ ఖర్చు ఎక్కడా కనబడదు. దక్షిణాదిలో వాహనాలు కట్టె తినడం మాత్రం అది మొదటిసారి కాదు: పంతొమ్మిదో శతాబ్దంలో రైలింజన్లు కట్టెతో నడిచినందువల్లనే మద్రాసు ప్రెసిడెన్సీలో తీరం వెంట సరుగుడు తోటలు పెంచారు. ఇల్లెందు వద్ద సింగరేణి గనులలో 1889లో తవ్వకాలు మొదలయ్యాక ఆ ప్రాంతపు రైళ్లకు రాక్షసి బొగ్గు దగ్గరలోనే దొరికింది.

బొగ్గు బస్సును నడపడంలో డ్రైవరు కంటే క్లీనరు పని పెద్దది. తెల్లవారక ముందే పీపాలో నిన్నటి బూడిద, గట్టిపడిన చిట్టెం తీసివేసి, సమంగా కొట్టిన బొగ్గు ముక్కలు నింపి, నిప్పంటించి, చేతితో తిప్పే గాలిపంకాను పావుగంట నుంచి అరగంట దాకా తిప్పుతూ ఉండాలి. గ్యాస్ పాకానికి వచ్చిందో లేదో గొట్టం చివర అగ్గిపుల్ల గీసి చూస్తారు. మంట నిలకడగా నిలిస్తే ఇంజన్‌కు కలుపుతారు. కొన్ని బళ్లను కేటాయించిన కాస్త పెట్రోలుతో మొదట కదిలించి, తరవాత గ్యాస్‌కు మార్చేవారు. దారిలో బొగ్గు తరుగుతుంటుంది, బస్తాలు బస్సు పైకప్పు మీదనే ఉంటాయి; ఎక్కువసేపు ఎక్కడైనా ఆగితే కొలిమి చల్లబడి మళ్లీ పంకా తిప్పవలసి వస్తుంది. ఘాట్ రోడ్డు ఎదురైతే శక్తి చాలక ప్రయాణికులు దిగి నడవడమూ, అవసరమైతే నెట్టడమూ అప్పటి ప్రయాణంలో భాగం. వెనుక సీట్లలో కూర్చున్నవారికి వేసవిలో కొలిమి సెగ అదనం.

పెట్రోలు ఎందుకు గెలిచిందో ఈ దినచర్యే వివరిస్తుంది. ప్రొడ్యూసర్ గ్యాస్‌తో కారు నడుస్తుందని లక్షల బళ్లు రుజువు చేశాయి. వేగం తగ్గినా సరుకు చేరింది, మనుషులు చేరారు. పెట్రోలు మిగిల్చినది ప్రధానంగా మనిషి పొద్దు. ఎవరో ఎక్కడో తవ్వి, శుద్ధి చేసి పంపిన ఇంధనాన్ని రెండు నిమిషాలలో నింపుకుని వెళ్లే సౌకర్యం ఎంతటిదో, నరకడం, కాల్చడం, కొట్టడం, ఊదడం, ఊడ్చడం అన్నీ బండి దగ్గరే జరగవలసి వచ్చినప్పుడు తెలిసింది. ఆ పొద్దుకు జీతం దాదాపు లేని చోట కొలిమి కొన్నాళ్లు ఎక్కువ నిలిచింది. ఉత్తర కొరియాలో కట్టె గ్యాస్ లారీలు ఇరవయ్యొకటో శతాబ్దంలోనూ తిరుగుతూ కనబడ్డాయి.

ప్రమాదం సంగతి వేరుగా చెప్పాలి. ఇంజన్‌ను నడిపే కార్బన్ మోనాక్సైడే మనిషి పాలిట విషం. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు మించిన బిగువుతో పట్టుకుంటుంది. బండి నడుస్తున్నంతసేపు చూషణ వల్ల పీపాలోని వాయువు బయటికి రాదు. ఆగిన తరవాత, ముఖ్యంగా మూసిన షెడ్డులో, కారడం మొదలవుతుంది. స్కాండినేవియా దేశాలలో ఈ విషం వల్ల మరణాలు సంభవించడమే కాక, రోజూ కొద్దికొద్దిగా పీల్చిన డ్రైవర్లలో తలనొప్పి, నీరసం, మతిమరుపు వంటి లక్షణాలను వైద్యులు ప్రత్యేకంగా పరిశీలించవలసి వచ్చింది.

ఇంగ్లండ్‌లో ఈ ప్రయత్నం పెద్దగా సాగలేదు. లండన్ బస్సుల వెనుక రెండు చక్రాల తోకబండి మీద కొలిమిని తగిలించి చూశారు, శక్తి చాలక, నిర్వహణ పడలేక యుద్ధం ముగియక ముందే వదిలివేశారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడే కోల్ గ్యాస్ నింపిన పెద్ద సంచులను బస్సు నెత్తిన కట్టి నడిపిన సందర్భం ఉంది. ఆ సంచులు సుమారు నాలుగు దశాబ్దాల తరవాత చైనాలో మళ్లీ కనబడ్డాయి. 1959లో బీజింగ్ వచ్చిన చమురు కార్మికుడు వాంగ్ జిన్‌షీ నెత్తిన గ్యాస్ సంచులు మోస్తున్న నగర బస్సులను చూసి, దేశానికి పెట్రోలు లేకపోవడం తన వంటివారి అసమర్థతేనని కంటతడి పెట్టాడని చైనాలో తరచూ చెప్పుకుంటారు. అదే ఏడాది బయటపడిన దాచింగ్ చమురు క్షేత్రంలో ఆయన తరవాత జాతీయ వీరుడయ్యాడు.

భారతదేశంలో యుద్ధానంతరం పెట్రోలు సరఫరా మెరుగుపడే కొద్దీ పీపాలు పాత ఇనుము దుకాణాలకు చేరాయి. 1954, 1955లలో ట్రాంబేలో, 1957లో విశాఖపట్నంలో శుద్ధి కర్మాగారాలు పని ప్రారంభించడంతో రోడ్డు మీద బొగ్గు గ్యాస్ కథ పూర్తిగా ముగిసింది. స్వీడన్ మాత్రం దానిని ముగిసిపోయిన సంగతిగా భావించలేదు. చమురు ఓడల దారి మూసుకుపోయిన సూయజ్ కాలువ సంక్షోభం తరవాత, 1957 నుంచి, మళ్లీ అవసరం పడితే లారీలకూ ట్రాక్టర్లకూ వెంటనే బిగించడానికి అనువైన నమూనాల కోసం ఆ దేశం ప్రభుత్వ ఖర్చుతో పరిశోధన సాగించింది.

కొలిమి మళ్లీ స్థిరమైన ఇంజన్ పక్కకు చేరడం దీని తరవాతి దశ. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1980లలో మొదలైన పరిశోధన, పైన మూత లేకుండా తెరిచి ఉండే కొత్త రకం కొలిమిని రూపొందించింది. పైనుంచి కూడా గాలి అందడం వల్ల తారు ఇంకా తగ్గుతుంది. 2007లో బిహార్‌లో ఒక సంస్థ ధాన్యపు ఊకను ఇలాగే గ్యాస్‌గా మార్చి, కరెంటు తీగ చేరని పల్లెలకు దీపాలు వెలిగించింది. ఊకతో వచ్చిన చిక్కు కట్టెకు లేనిది: దాని బూడిదలో అధిక భాగం సిలికా కనుక అది బాగా వేడెక్కితే కరిగి ముద్దకట్టి కొలిమి నోరు మూస్తుంది, వేడి తగ్గిస్తే ఇంబెర్ కాలపు తారు తిరిగి వస్తుంది. ఆ తారును నీళ్లతో కడిగి తీయవచ్చు గాని, కడిగిన నల్లని నీటిని కాలువలోకి వదలడానికి వీలు లేదు. దానిని శుద్ధి చేసే తొట్లకయ్యే ఖర్చు చిన్న కేంద్రాలకు ఇప్పటికీ భారంగానే ఉంది.